ఉలవలు పసిగట్టే ఎ గ్రూపు: ఎర్రకణం మీద యాంటీజెన్లను ఎవరు నడిపిస్తారు?

ఉలవచారు అన్నంలో కలుపుకుని, పైన ఇంత మీగడ వేసుకుని తినేవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు. అవే ఉలవల నుంచి తీసిన ఒక ప్రొటీన్ చిన్న సీసాలో బ్లడ్ బ్యాంకు ఫ్రిజ్‌లో ఉంటుంది. లేబుల్ మీద డోలికాస్ బైఫ్లోరస్ అని ఉంటుంది. అది ఉలవలకు శాస్త్రవేత్తలు పెట్టిన పాత పేరు. ఎ గ్రూపు రక్తం తీసుకుని అందులో ఈ చుక్క వేస్తే కొందరి ఎర్రకణాలు గుత్తులు గుత్తులుగా అతుక్కుంటాయి, కొందరివి అతుక్కోవు. 1950ల మొదట్లో జార్జ్ బర్డ్ అనే రక్త శాస్త్రవేత్త ఉలవలకున్న ఈ గుణాన్ని బయటపెట్టారు. గుత్తులు కట్టేవాళ్లు ఎ1, కట్టనివాళ్లలో ఎక్కువమంది ఎ2. ఇద్దరి కార్డు మీదా రాసేది మాత్రం ఎ అనే. (ఉలవచారు తింటే ఒంట్లో రక్తం గుత్తులు కడుతుందేమోనని ఎవరూ టెన్షన్ పడక్కర్లేదు. ఉడికేసరికి ఆ ప్రొటీన్ చెడిపోతుంది.)

ఇద్దరిలో ఉన్నదీ ఎ యాంటీజెనే (ఎర్రకణం పైన ఉండి గ్రూపును చెప్పే గుర్తు) అయినప్పుడు ఉలవలకు తేడా ఎలా తెలుస్తోంది? ప్రధానంగా లెక్కను బట్టి. ఎ1 మనిషి ఒక్కో ఎర్రకణం మీద ఎ యాంటీజెన్లు సుమారు 8 నుంచి 12 లక్షలు ఉంటాయి. ఎ2 మనిషికి రెండున్నర లక్షల దగ్గరే ఆగిపోతాయి. సీసాలో మందును బాగా పలచన చేసి పెడతారు కాబట్టి, యాంటీజెన్లు దట్టంగా ఉన్న కణాల్నే అది పట్టుకోగలుగుతుంది.

రక్తం గ్రూపు గురించి బళ్లో చదువుకున్నప్పుడు ఈ లెక్కల ఊసే ఉండదు. జన్యువు ఉంటే యాంటీజెన్ ఉంటుంది, లేకపోతే ఉండదు, అంతే. కానీ జన్యువు ఉండటం వేరు, అది ఎర్రకణాలు తయారయ్యే చోట పనిచేయడం వేరు, పనిచేసినా దానికి సరుకు అందడం ఇంకా వేరు. ఈ మూడింటినీ కలిపేయడం వల్లే కొన్ని ఇళ్లలో అక్కర్లేని అనుమానాలు పుట్టాయి, కొన్ని ఆసుపత్రుల్లో ప్రాణాల మీదికి వచ్చింది.

ముందు సరుకు సంగతి. ఎ, బి యాంటీజెన్లు ప్రొటీన్లు కావు, చక్కెరలు. ఎర్రకణం పొర మీద ప్రొటీన్లకూ కొవ్వులకూ అంటిపెట్టుకుని చక్కెరల గొలుసులు కొమ్మల్లా బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. ఆ గొలుసు చివర ఏ చక్కెర ఉందన్నదే మన గ్రూపు. జన్యువులో చక్కెర గురించి ఏమీ రాసి ఉండదు. చక్కెరను తెచ్చి అతికించే ఎంజైము ఎలా ఉండాలో మాత్రం రాసి ఉంటుంది. అంటే జన్యువు ఇచ్చేది పనివాణ్ని, పూసను కాదు.

గొలుసు చివర మొదట ఫ్యూకోజ్ అనే చక్కెర చేరాలి. దాన్ని అతికించేది 19వ క్రోమోజోము మీది ఎఫ్‌యూటీ1 అనే జన్యువు పంపే పనివాడు. ఫ్యూకోజ్ చేరిన గొలుసును హెచ్ యాంటీజెన్ అంటారు. దాని మీద ఇంకో చక్కెర పెట్టేవాడు 9వ క్రోమోజోము నుంచి వస్తాడు. ఎ పనివాడు ఎన్-ఎసిటైల్ గెలాక్టోజమీన్ పెడతాడు, బి పనివాడు గెలాక్టోజ్ పెడతాడు. 1990లో ఫుమిఇచిరో యమమోతో బృందం ఈ జన్యువును చదివి చూస్తే, 354 అమైనో ఆమ్లాల పొడవున్న ఈ ఇద్దరు పనివాళ్ల మధ్య ఉన్న తేడా నాలుగంటే నాలుగు అమైనో ఆమ్లాలు. తప్పు గ్రూపు రక్తం ఎక్కితే మనిషి చచ్చిపోయేంత తేడా ఆ నాలుగింటిలోనే ఉంది.

ఓ గ్రూపువాళ్లలో ఎక్కువమందికి ఇదే జన్యువులో ఒక్క అక్షరం, ఒక జి, రాలిపోయి ఉంటుంది. అక్కడి నుంచి చదువు మొత్తం గతి తప్పి, పనివాడు సగం కూడా తయారు కాకుండానే ఆగిపోతాడు. గొలుసు హెచ్ దగ్గరే ఉండిపోతుంది. అందుకే ఓ అంటే ఏమీ లేకపోవడం కాదు, హెచ్ పుష్కలంగా ఉండటం. కార్ల్ లాండ్‌స్టైనర్ 1901లో వియన్నాలో మొదట ఈ గ్రూపును సి అన్నారు. ఓ అన్న పేరు తర్వాత వచ్చింది. ఎ2 కథా ఇలాంటిదే. ఆ జన్యువు చివర్లో ఒక అక్షరం పోయి, ఎంజైముకు 21 అమైనో ఆమ్లాల తోక అదనంగా వేలాడుతుంది. ఆ తోకతో పని నెమ్మదిస్తుంది. పూసలు తక్కువ పడతాయి. ఉలవలకు దొరికిపోయేది ఇక్కడే.

ఇప్పుడు బొంబాయిలో బయటపడ్డ బాంబే గ్రూపు. 1952లో డాక్టర్ వై.ఎం. భెండే, ఆయన సహచరులు కలిసి లాన్సెట్ పత్రికలో ఒక విచిత్రమైన రక్తం గురించి రాశారు. ఆ మనుషుల ఎర్రకణాల మీద ఎ లేదు, బి లేదు. అలాంటప్పుడు ఓ అనుకోవాలి. కానీ వాళ్ల సీరంలో, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంలో, ఓ గ్రూపు కణాలు వేసినా గుత్తులు కట్టాయి. ఎందుకంటే వాళ్లకు హెచ్ కూడా లేదు, అందుకే హెచ్‌ను పరాయిదిగా పట్టుకునే యాంటీబాడీ (రక్షణ ప్రొటీన్) వాళ్ల సీరంలో ఉంది. ఎఫ్‌యూటీ1 జన్యువు రెండు కాపీలూ చెడిపోయాయి, ఫ్యూకోజ్ అతికించేవాడే లేడు. 9వ క్రోమోజోము నుంచి ఎ పనివాడో బి పనివాడో చక్కగా తయారై వస్తాడు, అతికించడానికి చోటే ఉండదు. తలుపు చట్రం లేని గుమ్మానికి తోరణం కట్టమంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు?

మన దేశంలో సుమారు పదివేల మందిలో ఒకరు ఇలా ఉంటారని ఒక అంచనా. యూరప్‌లో పది లక్షల్లో ఒకరు. రెండు కాపీలూ చెడితేనే ఈ గ్రూపు వస్తుంది కాబట్టి, మేనరికాలు ఎక్కువగా జరిగే కుటుంబాల్లో దీనికి అవకాశం పెరుగుతుంది. తెలుగు ఇళ్లకు ఇది దూరపు విషయం కాదు.

అలాంటి ఇంట్లో ఒక లెక్క చూడండి. తండ్రి కార్డు మీద ఓ, తల్లి కార్డు మీద ఓ. పుట్టిన బిడ్డ బి. బడి పాఠం ప్రకారం ఇది కుదరదు, ఎవరో ఒకరు తల్లి వైపు వేలెత్తుతారు. నిజానికి తండ్రి బాంబే గ్రూపు కావచ్చు. ఆయనలో బి జన్యువు నిక్షేపంగా ఉంది, హెచ్ లేక బయటపడలేదు. బిడ్డకు తండ్రి నుంచి బి జన్యువు వచ్చింది, తల్లి నుంచి మంచి ఎఫ్‌యూటీ1 కాపీ వచ్చింది. రెండూ కలిసేసరికి బి యాంటీజెన్ మామూలుగా పైకొచ్చింది. తండ్రిలో నోరు మెదపని జన్యువు బిడ్డలో మాట్లాడింది. కార్డు మీది అక్షరాలతో పితృత్వం తేల్చేవాళ్లు ఈ ఒక్క ఉదాహరణ గుర్తుంచుకుంటే చాలు.

బ్లడ్ బ్యాంకులో బాంబే గ్రూపు తప్పించుకునేది ఎక్కడంటే, నీలం చుక్క, పసుపు చుక్క వేసి ఊరుకున్న చోట. నీలం యాంటీ-ఎ, పసుపు యాంటీ-బి. రెండింటికీ గుత్తులు కట్టకపోతే ఓ అని రాసేస్తారు. రోగి సీరం తీసి తెలిసిన కణాలతో కలిపి చూసే రివర్స్ గ్రూపింగ్ చేస్తే ఓ కణాలతోనూ గుత్తులు కట్టి అసలు సంగతి బయటపడుతుంది. ఇంకా అనుమానం ఉంటే యాంటీ-హెచ్ వేస్తారు. అది కూడా ఒక మొక్క విత్తనాల నుంచి వచ్చేదే, యూలెక్స్ అనే యూరప్ ముళ్లపొద. రక్త పరీక్షల్లో గింజలు ఇంత పని చేస్తాయని ఎవరనుకుంటారు!

ఇప్పటిదాకా చెప్పినవన్నీ జన్యువు లోపలి అక్షరదోషాలు. పనివాడు సరిగ్గా తయారు కాకపోవడం, లేదా ముందు పనివాడు లేక వెనక పనివాడు ఖాళీగా కూర్చోవడం. రెండో రకం తప్పు నా దృష్టిలో ఇంకా ఆసక్తికరమైనది. జన్యువులో ఒక్క అక్షరం కూడా తప్పు ఉండదు. కానీ ఎర్రకణాలు పుట్టే చోట దాన్ని ఎవరూ చదవరు.

మన ఎముకల మజ్జలో సెకనుకు సుమారు 20 లక్షల ఎర్రకణాలు తయారవుతాయి. రక్తంలోకి వచ్చే ముందు ప్రతి కణమూ తన కేంద్రకాన్ని బయటికి నెట్టేస్తుంది. అంటే డీఎన్ఏ ఉండదు. ఆ తర్వాత బతికే 120 రోజులూ కొత్తగా ఏ జన్యువునూ చదవలేదు. కాబట్టి ఏ యాంటీజెన్ ఎంత ఉండాలన్నది మజ్జలో ఉన్న ఆ కొద్ది రోజుల్లోనే తేలిపోవాలి. పెళ్లికూతుర్ని అత్తారింటికి పంపే ముందే సారె అంతా సర్దినట్టు.

ఆ సర్దుబాటు చేసే పెద్దలు కొందరున్నారు. వాళ్లలో ముఖ్యమైనది గాటా1 అనే ప్రొటీన్. డీఎన్ఏలో జి-ఎ-టి-ఎ అనే నాలుగు అక్షరాల వరస కనబడితే అక్కడ వాలుతుంది. పేరు కూడా అందుకే వచ్చింది. అది వాలితే పక్కనున్న జన్యువు చదవడం మొదలవుతుంది. ఈ వాలే చోటునే స్విచ్ అనుకోండి. చర్మకణంలోనూ ఆ స్విచ్ ఉంటుంది గానీ, నొక్కే గాటా1 అక్కడ ఉండదు. ఎర్రకణాల వంశంలో మాత్రం అది దండిగా ఉంటుంది. గాటా1తో పాటు కేఎల్ఎఫ్1, రంక్స్1 లాంటి మరికొన్ని ప్రొటీన్లు కూడా ఇదే పని చేస్తాయి.

స్విచ్ తప్పు ఎలా ఉంటుందో డఫీ గ్రూపు చూపించినంత శుభ్రంగా ఇంకేదీ చూపించదు. 1950లో లండన్‌లో, చాలాసార్లు రక్తం ఎక్కించుకున్న ఒక హీమోఫీలియా (రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బు) రోగి సీరంలో కొత్త యాంటీబాడీ దొరికింది. ఆ రోగి ఇంటిపేరే గ్రూపు పేరైంది. డఫీలో ప్రధానంగా రెండు రకాలు, ఎఫ్‌వై-ఎ, ఎఫ్‌వై-బి. తెల్లవాళ్లలో దాదాపు అందరికీ ఈ రెంటిలో కనీసం ఒకటి ఉంటుంది. పశ్చిమ ఆఫ్రికాలో మాత్రం దాదాపు ఎవరికీ ఏదీ లేదు.

ఇంతమందిలో ఒక యాంటీజెన్ లేకపోవడానికి ఏదో బలమైన కారణం ఉండాలి కదా. 1970ల మధ్యలో అమెరికాలో లూయిస్ మిల్లర్ బృందం దాన్ని పట్టుకుంది. మలేరియా క్రిముల్లో ఒక రకమైన ప్లాస్మోడియం వైవాక్స్ ఎర్రకణంలోకి దూరడానికి డఫీ ప్రొటీన్‌నే గడియగా వాడుకుంటుంది. గడియ లేని కణంలోకి దానికి దారి దొరకడం బహు కష్టం. ఆఫ్రికాలో చాలా చోట్ల వైవాక్స్ అరుదుగా ఉండటానికీ, మన దగ్గర అది ఇంకా జనాన్ని వేధించడానికీ ఉన్న కారణాల్లో ఇదొకటి. మన జనాభాలో ఎక్కువమంది ఎర్రకణాల మీద డఫీ ఉంటుంది. అయితే ఈ రక్షణ నూటికి నూరు పాళ్లు కాదు. డఫీ లేనివాళ్లకూ వైవాక్స్ సోకిన కేసులు తర్వాత మడగాస్కర్ లాంటి చోట్ల బయటపడ్డాయి.

అసలు ముడి విప్పింది 1995లో. ఫ్రాన్స్‌లో టూర్నమీ బృందం ఈ ఆఫ్రికా మూలాలవాళ్ల డఫీ జన్యువును చదివింది. ఏదో పెద్ద ముక్క ఎగిరిపోయి ఉంటుందని ఎవరైనా ఊహిస్తారు. లోపల ఎఫ్‌వై-బి జన్యువు ఒక్క అక్షరం చెడకుండా ఉంది! తప్పు జన్యువుకు బయట, దాని ముందున్న గాటా స్విచ్‌లో ఉంది. ఒక టి ఉండాల్సిన చోట సి ఉంది. అంతే. గాటా1 అక్కడ వాలలేదు, మజ్జలో డఫీ జన్యువును చదివేవాళ్లు లేరు.

అయితే రక్తనాళాల లోపలి పొరలోని కణాలు గాటా1 మీద ఆధారపడవు. అవి వేరే దారిన ఇదే జన్యువును చదువుకుంటాయి. అందుకే డఫీ లేదు అని మనం చెప్పే మనిషి రక్తనాళాల గోడల్లో, చిన్నమెదడులోని కొన్ని కణాల మీద డఫీ ప్రొటీన్ మామూలుగానే ఉంటుంది. ఒళ్లంతా కరెంటు ఉంది, ఒక్క గదిలోనే దీపం వెలగలేదు. మలేరియా క్రిమి వచ్చేది సరిగ్గా ఆ గదిలోకే కావడంతో, ప్రకృతి ఎంపికకు అంతకన్నా చవకైన ఉపాయం దొరకలేదు. ప్రొటీన్ చేసే మిగతా పనులు చెడకుండా గడియ ఒక్కటీ తీసేసింది. ఈ మార్పు ఉన్నవాళ్లకు రక్తంలో న్యూట్రోఫిల్ అనే తెల్లకణాల లెక్క కాస్త తక్కువగా ఉంటుంది. అది వాళ్లకు మామూలే గానీ, సంగతి తెలియక రిపోర్టులో ఆ అంకె చూసి జబ్బు ఉందని కంగారుపడిన సందర్భాలు చాలా ఉన్నాయి.

ఎ, బి, ఓ గ్రూపుకూ ఇలాంటి స్విచ్ ఉంది. అది దొరకడం ఆలస్యమైంది. జపాన్‌లో బిఎం అనే అరుదైన గ్రూపు ఉంది. వాళ్ల ఎర్రకణాల మీద బి కనిపించీ కనిపించనంత. ఉమ్మిలో మాత్రం బి పదార్థం మామూలుగానే ఉంటుంది. జన్యువు లోపల వెతికితే తప్పేమీ దొరకలేదు. 2012లో సానో, కొమినాటో బృందం మొదటి ఇంట్రాన్‌లో చూసింది. ఇంట్రాన్ అంటే జన్యువు మధ్యలో ఉండి, ఎంజైము తయారీకి పనికిరాక కత్తిరించి పారేసే భాగం. అక్కడ సుమారు 5,800 అక్షరాల ముక్క ఎగిరిపోయి ఉంది. ఆ ముక్కలోనే గాటా1 వాలే చోటు ఉంది. బిఎం వాళ్లను వంద మందికి పైగా పరీక్షిస్తే దాదాపు అందరిలోనూ ఇదే లోపం. ఉమ్మి తయారుచేసే కణాలకు ఆ స్విచ్‌తో పని లేదు కాబట్టి అక్కడ బి నడిచిపోయింది. పనికిరానిదని పక్కన పెట్టిన చోట స్విచ్ దాక్కోవడం జన్యుశాస్త్రంలో కొత్త కాదు. అయినా వందేళ్లకు పైగా పరిచయమున్న ఎబిఓ గ్రూపులోనే అది మిగిలిపోవడం చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఒక్కో జన్యువుకు ఒక్కో స్విచ్ చెడటం సరే, స్విచ్ నొక్కే పెద్దకే నలతగా ఉంటే? లూథరన్ అనే గ్రూపులో అదే జరిగింది. కొన్ని కుటుంబాల్లో లూథరన్ యాంటీజెన్లు దాదాపు మాయమయ్యేవి, ఈ లోపం తండ్రికో తల్లికో ఉంటే చాలు పిల్లల్లో సగం మందికి వచ్చేది. లూథరన్‌ను తొక్కిపెట్టే జన్యువు ఇంకోటి ఏదో ఉందనుకుని, నిరోధకం అనే అర్థంలో దానికి ఇన్-ఎల్‌యూ అని పేరు పెట్టారు. దశాబ్దాల పాటు పుస్తకాలన్నీ ఆ నిరోధకాన్ని గురించే రాశాయి. 2008లో బ్రిటన్ బృందం చూస్తే తొక్కిపెట్టేవాడు ఎవరూ లేడు. కేఎల్ఎఫ్1 జన్యువు రెండు కాపీల్లో ఒకటి చెడిపోయింది, పెద్ద సగం జీతానికి పనిచేస్తున్నాడు. వాళ్లు పరీక్షించిన 24 మందిలో 21 మందికి ఇదే కథ. ఆ పెద్ద చేతి కిందే ఉండే పీ1 యాంటీజెన్, సీడీ44 ప్రొటీన్ లాంటివి కూడా ఆ కణాల మీద తగ్గి ఉన్నాయి. సీడీ44 మీదే మన దేశం పేరుతో ఇండియన్ అనే రక్తం గ్రూపు ఉంది, 1973లో బొంబాయిలో దొరికింది.

కేఎల్ఎఫ్1 సగానికి తగ్గితే హీమోగ్లోబిన్ ఎ2 (ఎ2 రక్తం గ్రూపుకూ దీనికీ సంబంధం లేదు) కాస్త పెరిగి, తలసీమియా స్క్రీనింగ్‌లో అటూ ఇటూ కాని అంకె రావచ్చు. పెళ్లికి ముందు ఆ పరీక్ష చేయించుకుని సరిహద్దు మీద ఉంది అన్న రిపోర్టుతో కూర్చున్నవాళ్లకు ఈ విషయం ఎవరైనా చెబితే బాగుండును.

పేర్ల గురించే ఇంకో మాట. ఏ ఆర్‌హెచ్ యాంటీజెనూ (గ్రూపు పక్కన ప్లస్, మైనస్ రాసేది వీటిలో ఒకదాన్ని బట్టే) లేని రక్తాన్ని బంగారు రక్తం అంటూ పత్రికలు రాస్తుంటాయి. మొదటిసారి 1961లో ఒక ఆస్ట్రేలియా ఆదివాసీ మహిళలో కనిపించింది. వీళ్లలో ఎక్కువమందిది రెగ్యులేటర్ రకం అంటారు. నిజానికి అక్కడ చెడింది స్విచ్ కాదు. ఆర్‌హెచ్ ప్రొటీన్లు కణం పొర దాకా వెళ్లడానికి ఆర్‌హెచ్ఏజీ అనే తోడు ప్రొటీన్ కావాలి, అది లేకపోతే దారిలోనే నాశనమైపోతాయి. పనివాడు బాగానే పుట్టాడు, బస్సు దొరకలేదు. రక్తం గ్రూపుల పేర్లలో సగం, అసలు సంగతి తెలియకముందు పెట్టినవే.

పీ1, ఎక్స్‌జీ గ్రూపుల మీద ఇంకో తరహా చిక్కు నడిచింది. 1927 నుంచి తెలిసిన పీ1 కొందరిలో బలంగా, కొందరిలో బలహీనంగా ఎందుకుంటుందో, 1962లో దొరికిన ఎక్స్‌జీ కొందరిలో ఎందుకు అసలే ఉండదో దశాబ్దాలు అర్థం కాలేదు. రెండింటికీ సమాధానం 2018లోనే వచ్చింది. పీ1లో రంక్స్1 వాలే చోట, ఎక్స్‌జీలో గాటా1 వాలే చోట ఒక్కో అక్షరం తేడా.

పుట్టిన బిడ్డకు గ్రూపు పరీక్ష చేసినప్పుడు కొన్నిసార్లు ఎ బలహీనంగా వచ్చి, తర్వాత మళ్లీ చూద్దామంటారు. పరీక్ష సరిగ్గా చేయలేదని అనుకోకండి. నవజాత శిశువుల ఎర్రకణాల మీద చక్కెర గొలుసులు ఎక్కువగా నిటారుగా, కొమ్మలు లేకుండా ఉంటాయి. దీన్ని చిన్న ఐ అంటారు. రెండేళ్లు వచ్చేసరికి కొమ్మలేసి పెద్ద ఐ అవుతుంది. కొమ్మలు పెరిగితే ఎ, బి పూసలు పెట్టడానికి చివర్లు పెరుగుతాయి. ఎ1 బిడ్డకు పుట్టినప్పుడు మూడు లక్షల చిల్లర ఉన్న యాంటీజెన్లు పెద్దయ్యేసరికి పది లక్షలకు చేరేది ఇలాగే.

ఆ కొమ్మలేసే జన్యువు పేరు జీసీఎన్‌టీ2. దానికి మూడు ఆరంభాలున్నాయి, తర్వాతి భాగం మూడింటికీ ఉమ్మడి. ఎర్రకణం ఒక ఆరంభం నుంచి చదువుతుంది, కంటి లెన్స్ ఇంకో ఆరంభం నుంచి. కొందరిలో పెద్దయ్యాక కూడా ఎర్రకణాల మీద చిన్న ఐ ఉండిపోతుంది. వాళ్లలో కొందరికి పుట్టుకతోనే కంటిలో శుక్లం ఉంటుంది, కొందరికి ఉండదు. తూర్పు ఆసియాలో ఇది ఎక్కువగా గమనించారు. రక్తానికీ కంటికీ ఏమిటి చుట్టరికం అని తల పట్టుకున్నవాళ్లకు ఈ మూడు ఆరంభాలే జవాబు. ఎర్రకణం వాడే ఆరంభంలో తప్పుంటే రక్తం మాత్రమే మారుతుంది. ఉమ్మడి భాగంలో తప్పుంటే కన్నూ పోతుంది.

ల్యుకేమియా వచ్చిన కొందరిలో రక్తం గ్రూపు మారినట్టు కనిపించడమూ ఈ కోవలోదే. నిన్నటిదాకా ఎ అన్న మనిషికి ఎ యాంటీజెన్ పలచబడిపోతుంది. జన్యువు అలాగే ఉంటుంది, దాని ముందు భాగానికి మిథైల్ గుంపులు అనే చిన్న రసాయన ముక్కలు అతుక్కుని చదవకుండా మూసేస్తాయి. జబ్బు తగ్గితే ఎ తిరిగి రావచ్చు. మజ్జ మార్పిడి తర్వాత గ్రూపు మారడం దీనికి పూర్తిగా వేరు. అక్కడ ఫ్యాక్టరీయే మారింది, కొత్త మజ్జ దాత గ్రూపునే తయారుచేస్తుంది. ఉమ్మిలో మాత్రం పాత గ్రూపే కనిపించవచ్చు.

తప్పు జన్యువులో ఉందా, స్విచ్‌లో ఉందా అన్నది రోగి మంచం పక్కన ఏమైనా తేడా తెస్తుందా? తెస్తుంది, ఒక్కోసారి ప్రాణమంత తేడా. మన రోగనిరోధక వ్యవస్థ ఒంట్లో ఎక్కడా చూడనిదాన్నే పరాయిదిగా లెక్కిస్తుంది. మన దేశపు బాంబే గ్రూపులో ఎక్కువమందికి ఎఫ్‌యూటీ1తో పాటు, పక్కనే ఉండి ఉమ్మిలో హెచ్ తయారుచేసే ఎఫ్‌యూటీ2 కూడా ఉండదు. ఆ రెండు లోపాలూ ఒకే క్రోమోజోము మీద జంటగా వారసత్వంగా వస్తాయి. అంటే వాళ్ల ఒంట్లో హెచ్ ఎక్కడా లేదు. వాళ్ల సీరంలో హెచ్ మీద గట్టి యాంటీబాడీ ఉంటుంది, ఓ రక్తం ఎక్కిస్తే కణాలు రక్తనాళాల్లోనే పగిలిపోతాయి. ఎఫ్‌యూటీ2 మిగిలి ఉన్న పారా-బాంబే వాళ్లకు ఉమ్మిలో హెచ్ ఉంటుంది, వాళ్ల యాంటీబాడీ సాధారణంగా అంత దూకుడుగా ఉండదు. ఇన్-ఎల్‌యూ వాళ్లకు లూథరన్ కొంచెమైనా మిగిలి ఉంటుంది కాబట్టి దాని మీద యాంటీబాడీ రాదు. లూథరన్ జన్యువే రెండు కాపీలూ పోయినవాళ్లకు వస్తుంది. ట్యూబులో ఇద్దరి కణాలూ ఒకేలా కనిపిస్తాయి.

డఫీ దగ్గర ఇది రోజువారీ నిర్ణయమే అవుతుంది. సికిల్ సెల్ జబ్బున్న ఆఫ్రికా మూలాల రోగికి జీవితాంతం రక్తం ఎక్కించాల్సి రావచ్చు. పరీక్షలో ఎఫ్‌వై-ఎ లేదు, ఎఫ్‌వై-బి లేదు అని వస్తుంది. రెండూ లేని దాత కోసమే వెతకాలంటే రక్తం దొరకడం గగనమవుతుంది. డీఎన్ఏ పరీక్షలో తప్పు గాటా స్విచ్‌లో ఉందని తేలితే, ఎఫ్‌వై-బి ఆ రోగి రక్తనాళాల్లో ఎప్పటినుంచో ఉన్నట్టే లెక్క. దాన్ని ఒళ్లు పరాయిదిగా చూడదు. అప్పుడు బ్లడ్ బ్యాంకు ఎఫ్‌వై-ఎ లేని సంచి తీసుకుంటుంది, ఎఫ్‌వై-బి ఉందా లేదా అని చూడదు.